నవ్విన వాళ్ళు, నమ్మిన వాళ్ళు

వేగులవలస గౌరీ టాకీసులో శుక్రవారం ‘పావుగంట దొంగలు’ అనే సినిమా విడుదలైంది. ఆదివారం మ్యాట్నీలో తగువైంది. సోమవారానికల్లా ఆ తగువు మీద ప్రభుత్వానికి ఆసక్తి కలిగింది.

సినిమా కథ చెప్పాలంటే ఇంతే. ఒక దర్జీ, ఒక కాంపౌండరు, ఒక రేషన్ డీలరు కలిసి ఒక నమ్మకంలో పడతారు. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి రెండుంబావు వరకు వేరే గ్రహం వాళ్ళు వచ్చి మనుషులందరి దగ్గరా ఒక పావుగంట కాలం దొంగిలించుకుపోతున్నారట. అన్నం తిన్నాక కన్ను మూతపడేది అందుకేనట. ఎవరి పనీ వేళకి తెమలనిది కూడా అందుకేనట. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన ఆ దొంగల మనిషని అనుమానించి, ఎత్తుకుపోయి, ధాన్యం గోదాములో కుర్చీకి కట్టేస్తారు. సినిమా అంతా వాళ్ళు ఆయన్ని ప్రశ్నలడగడం, ఆయన బాబూ నాకేం తెలీదని ఏడవడం. తీరా చివరికి ఆయన నిజంగానే వేరే గ్రహంవాడని తేలుతుంది. భూమికి మిగిలిన ఆఖరి పావుగంటని సీసాలో పోసుకుని ఆయన మూత బిగించేసరికి, స్విచ్చి తీసేసిన బల్బులాగా లోకం ఆరిపోతుంది. శుభం కార్డు కూడా పడదు.

ఇది చూసి సగం హాలు నవ్వింది. మిగతా సగం ఆలోచనలో పడింది. ఆదివారం నాడు నవ్వుతున్న ఒక బస్సు కండక్టరు నెత్తిమీద వెనక వరసలో ఆలోచిస్తున్న ఒకాయన గోళీసోడా ఒంపాడు. ఇద్దరినీ స్టేషనుకి తీసుకెళ్ళారు. నవ్వు ఏ సెక్షను కిందికీ రాదు కాబట్టి ఎస్సైగారు ఆ కాగితాన్ని డివిజనల్ సమాచార వినోద సమన్వయ కార్యాలయానికి పంపించేశారు.

ఆ కార్యాలయానికి అంతకు ముందు ఉత్తరం వచ్చి పదకొండు నెలలైంది. అందుచేత అందరూ దాన్ని శ్రద్ధగా చదివారు.

అందరికన్నా శ్రద్ధగా చదివినవారు సమన్వయాధికారి ఆకుండి చిదంబరేశ్వరరావుగారు. ముప్పై మూడేళ్ళ సర్వీసు. ఈ నెలాఖరున రిటైర్మెంటు. ఆయన ఫైలులో ఎలా రాస్తారో నోటితోనూ అలాగే మాట్లాడతారు. వంకాయ కూర ఇంకాస్త వెయ్యమంటారా అని ఇంట్లో అడిగితే, పరిశీలించి తెలియజేస్తానంటారని ప్రతీతి.

“తవిటమ్మగారూ,” అని పిలిచారాయన. “ప్రస్తుత విషయము మిక్కిలి సున్నితమైనదిగా పరిగణింపబడుచున్నది. తమరు రేపటి నుండి సదరు చిత్రమునకు ప్రేక్షకస్పందన పరిశీలకురాలిగా నియమింపబడినారు. తెరకు పరాఙ్ముఖముగా, జనమునకు అభిముఖముగా ఆసీనులై స్పందనలను నమోదు చేయవలెను.”

“అంటే సినిమాకి వీపెట్టుకుని కూకోవాలా సార్?”

“సూత్రప్రాయముగా అవును.”

ఇప్పిలి తవిటమ్మకి దగ్గొచ్చింది. అది దగ్గు కాదు. ఆమెకి చిన్నప్పటి నుంచీ నవ్వు తొందరగా వస్తుంది. బళ్ళో ప్రార్థన మధ్య నవ్వి దెబ్బలు తింది, పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు నవ్వి అత్తగారి చేత మాటలు పడింది. ఈ ఆఫీసులో తాత్కాలిక టైపిస్టుగా పద్నాలుగేళ్ళు నెట్టుకొచ్చిందంటే, నవ్వు వచ్చిన ప్రతిసారీ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గడం వల్లనే. ఆమెకి ఉబ్బసం అనుకుని తోటివాళ్ళు మిరియాల కషాయం తెచ్చిచ్చేవారు. ఆమెని పర్మనెంటు చేసే ఫైలు రెండేళ్ళుగా చిదంబరేశ్వరరావుగారి బల్ల మీదే ఉంది. ఒక్క సంతకం చాలు. ఆ మనిషి ముందు నవ్వడం ఎలా కుదురుతుంది?

మంగళవారం మ్యాట్నీకి ఆమె ఫారాలు, టార్చిలైటు పట్టుకుని గౌరీ టాకీసుకి వెళ్ళింది. ఫారంలో నాలుగు గళ్ళున్నాయి. నవ్వినవారు, నమ్మినవారు, రెండూ చేసినవారు, నిద్రించినవారు. హాలు యజమాని లంక సూరపనాయుడు స్వయంగా కుర్చీ తెచ్చి తెర కింద వేశాడు.

“నవ్వినోడి మీద టాక్సు గానీ ఏస్తారేటమ్మా?” అన్నాడు కంగారుగా.

“నాకు తెల్దు బాబూ. నన్ను లెక్కెట్టమన్నారు, లెక్కెడతన్నాను.”

సినిమా మొదలైంది. తవిటమ్మకి వెనక నుంచి మాటలు వినిపిస్తున్నాయి, ఎదురుగా మూడొందల ముఖాలు తెర వెలుగులో నీలంగా, ఎర్రగా మారుతున్నాయి. ఇన్ని ముఖాలని ఒక్కసారి చూడటం ఆమెకి అదే మొదలు. నవ్వు రాబోయే ముందు మనిషి ముఖంలో చిన్న భయం లాంటిది కదులుతుందని, ఆ పైన కుక్కరు విజిల్ లేచినట్టు నవ్వు లేస్తుందని ఆమె ఆ రోజే కనిపెట్టింది. నమ్మేవాళ్ళ ముఖం వేరు. వాళ్ళు నోరు కొద్దిగా తెరిచి, పక్కవాడి మోచెయ్యి పట్టుకుంటారు.

విశ్రాంతిలో ఆమె నమ్మినవాళ్ళ దగ్గరికి వెళ్ళి కారణాలు అడిగింది. రెండో వరసలో బజార్లో ఆకుకూరలమ్మే రొంగలి గున్నమ్మ కూర్చుని ఉంది.

“నమ్మక సస్తానా?” అంది గున్నమ్మ. “రోజూ రెండుగంటలకి బుట్ట కాడ నాకు కునుకొస్తాది. లెగిసేతలికి రెండు తోటకూర కట్టలుండవు. ఈ ఎదవలు కాలంతో పాటు కూర కూడా అట్టుకుపోతన్నారన్నమాట. నవ్వుతున్నారు సూడు ఆ గుంటలు! ఆలకేటి తెలుసు, ఆలకి బుట్టలున్నాయా?”

తవిటమ్మ దగ్గుతూ రాసుకుంది. ఆ రోజు లెక్కలో నవ్వినవారు రెండువందల పన్నెండు. నమ్మినవారు ముప్పై ఒకరు. రెండూ చేసినవారు పంతొమ్మిది. నిద్రించినవారు ఏడుగురు. ఆ ఏడుగురూ లేచాక, తాము నిద్రపోలేదనీ, తమ కాలం పోయిందనీ వాదించారు. అందుకని వాళ్ళని కొట్టేసి నమ్మినవారిలో కలపాల్సి వచ్చింది.

మర్నాడు ఆ నివేదికని చిదంబరేశ్వరరావుగారు మామూలుగానే తిరగేశారు. ఒక రిటైర్డు పోస్టుమాస్టరు చెప్పిన కారణం దగ్గర ఆయన వేలు ఆగింది. ‘రోజుకి పావుగంట పోతే నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎంత పోయినట్టు?’

ఆయన తెల్లకాగితం తీసుకున్నారు. ముప్పై మూడేళ్ళు, ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులు, రోజుకి పావుగంట. గుణించారు, భాగించారు. నూట పాతిక రోజులొచ్చింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అంతలో ఇంకో సంగతి స్ఫురించి మళ్ళీ రాశారు. ఆఫీసు రోజంటే ఇరవై నాలుగు గంటలు కాదు కదా, ఎనిమిది గంటలే కదా! ఆ లెక్కన మూడువందల డెబ్భై ఆరు పనిదినాలు.

“తవిటమ్మగారూ,” అన్నారు. “ముప్పై ఎనిమిదిమంది పౌరుల అభిప్రాయమును మనము తేలికగా కొట్టివేయజాలము. నా సర్వీసు నుండి మూడువందల డెబ్భై ఆరు పనిదినములు అపహరింపబడినవని విశ్వసించుటకు ప్రాథమిక ఆధారములు కనబడుచున్నవి. సదరు దినములను నెలాఖరు తరువాత నాకు తిరిగి ఇప్పించవలెనని ప్రధాన కార్యాలయమునకు వ్రాయుచున్నాను.”

“మరి నవ్వినోళ్ళు రెండొందల పన్నెండు మందున్నారు కద సార్?”

ఆయన ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. “నవ్వు అభిప్రాయము కాదు. అది శబ్దము. శబ్దమును నియంత్రించుటకు మనకు అధికారములు కలవు.”

గురువారం నుంచి గౌరీ టాకీసులో టిక్కెట్టుతో పాటు హాస్యానుమతి పత్రం తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, సీటు నంబరు, ఏ సన్నివేశంలో నవ్వదలిచారు, నవ్వు స్వభావం చిన్నతరహానా, మధ్యతరహానా, భారీయా. అనుమతి లేకుండా నవ్వినవారు మూడు రోజుల్లోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

అసలే సినిమా నవ్వుల సినిమా. ఆపైన నవ్వకూడదన్నారు. ఆ రోజు మ్యాట్నీలో మొదటి అరగంట హాల్లో చీమ నడిస్తే వినిపించేంత నిశ్శబ్దం. మగవాళ్ళు తువ్వాళ్ళు నోట్లో కుక్కుకున్నారు. ఆడవాళ్ళు ఒకరి తొడ ఒకరు గిల్లుకున్నారు. తెర మీద దర్జీ ఆ ముసలాయన్ని టేపుతో కొలిచి, ‘మనిషి కొలతలే ఉన్నాయిరా, బాగా కుట్టారు’ అనేసరికి మూడో వరసలో కూర్చున్న బ్యాండుమేళం క్లారినెట్టాయన ముక్కులోంచి సన్నగా ఒక రాగం వచ్చింది. అంతే, హాలు కూలిపోయింది. ఒకాయన నవ్వుతూనే తవిటమ్మ దగ్గరికి పాక్కుంటూ వచ్చి, “అమ్మా, నాది చిన్నతరహాకి రాసినారు, భారీకి మార్సండమ్మా,” అని ప్రాధేయపడ్డాడు. ఆమె దగ్గి దగ్గి కుర్చీలోంచి కిందికి జారింది. ఎవరో పరుగున పోయి కషాయం తెచ్చారు.

సూరపనాయుడికి పక్క ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద జనం రావడం మొదలైంది. అయితే ఒక విచిత్రం జరిగింది. నవ్వేవాళ్ళు పెరిగిన దానికన్నా నమ్మేవాళ్ళు ఎక్కువ పెరిగారు.

“ఊరకే నవ్వొద్దంటాదేటి గవర్నమెంటు?” అంది గున్నమ్మ. నాలుగోసారి చూడటానికి వచ్చి మొదటి వరసలో కూర్చుంది. “అందులో ఏదో ఉన్నాది. ఈయమ్మని సూడండి, సినిమా సూడకుండా మనల్ని సూస్తన్నాది. ఈయమ్మకి ఎవులు సెప్పినారు?”

జనం తవిటమ్మ వైపు చూశారు. ఆ ఒక్క మ్యాట్నీలోనే నమ్మినవారు నూట అరవై ఎనిమిదికి చేరారు. ఆ గడిలో తన ముఖానికి కూడా భాగముందని తవిటమ్మకి అర్థమై, భయంతో పాటు నవ్వూ వచ్చింది.

ప్రధాన కార్యాలయం నుంచి జవాబు తిరుగు టపాలో వచ్చింది. ‘సదరు అపహరణ రెండు గంటల నుండి జరుగుచున్నచో, ఆ సమయమున మీ కార్యాలయ సిబ్బంది ఏమి చేయుచుండిరో తెలుపవలెను.’ విచారించగా ముప్పై మూడేళ్ళుగా ఆ సమయంలో ఎవరూ ఏమీ చేస్తున్నట్టు ఆధారాలు దొరకలేదు. చిదంబరేశ్వరరావుగారు దాన్నే రుజువుగా పంపారు. దొంగలకి దొరక్కుండా ఆ పావుగంట ఆఫీసుకి తాళం వేయించి, ‘రెండు నుండి రెండుంబావు వరకు ఇచ్చట కాలము నిల్వ ఉండదు’ అని బోర్డు పెట్టించారు. ఆ బోర్డు చూసి రిజిస్ట్రారాఫీసు వాళ్ళూ, కరెంటాఫీసు వాళ్ళూ, పశువుల ఆసుపత్రి వాళ్ళూ తలా ఒకటి రాయించుకున్నారు.

ఊళ్ళో ఈ ఏడాది రిటైరవబోయే వాళ్ళందరూ గుణకారాలు చేసుకున్నారు. వాళ్ళు కుర్చీ దిగితే తప్ప ప్రమోషన్ రాని వాళ్ళు ఆ గుణకారాలు చూసి ఉలిక్కిపడ్డారు. శనివారానికి గౌరీ టాకీసులో ఎడంవైపు సీట్లన్నీ పెద్ద ఉద్యోగులు, కుడివైపు సీట్లన్నీ చిన్న ఉద్యోగులు. ఎడంవైపు వాళ్ళు పొగతాగరాదన్న ప్రకటనని కూడా నమ్మారు. కుడివైపు వాళ్ళు దానికి కూడా నవ్వారు. మధ్యలో దారి వదిలి పోలీసులని నిలబెట్టారు. ఆ పోలీసుల్ని ఏ గడిలో రాయాలో ఉత్తర్వులో లేదు.

నెలాఖరుకి మూడు రోజుల ముందు ప్రధాన కార్యాలయం నుంచి డైరెక్టరు తురగా మందాకినిగారు స్వయంగా వస్తున్నట్టు కబురొచ్చింది. మ్యాట్నీ చూసి, ఫారం తీసుకుని, అక్కడికక్కడే నిర్ణయం చెబుతారట.

ఆవిడ వచ్చే రోజు ఉదయం చిదంబరేశ్వరరావుగారు తవిటమ్మని గదిలోకి పిలిచి, ఆమె ఫైలు మీదున్న దుమ్ము స్వయంగా ఊదారు.

“నమ్మినవారి గడిలో మూడువందలు కనబడినచో, ఈ ఫైలుకు సంబంధించి కూడా సానుకూల వాతావరణము ఏర్పడగలదు. కనబడనిచో...” అని ఆగి, “ఏర్పడజాలదు,” అన్నారు.

“మీరు ఆ సినిమా సూసినారా సార్?”

“చూడలేదు. నిష్పాక్షికత దృష్ట్యా.”

తవిటమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. పద్నాలుగేళ్ళు. కూతురు నర్సింగు చదువుతోంది, మొగుడికి సున్నాల పని మూడు నెలలుంటే మూడు నెలలుండదు. మూడొందలని రాస్తే ఎవరికి నష్టం? లెక్కపెట్టేది తనొక్కతే. కానీ వారం రోజులుగా ఆ ముఖాల్ని ఒక్కొక్కటిగా చూసింది. గున్నమ్మ మనస్ఫూర్తిగా నమ్మింది. క్లారినెట్టాయన మనస్ఫూర్తిగా నవ్వాడు. వాళ్ళ ముఖాలు మార్చి రాయడానికి ఎందుకో ఆమెకి చెయ్యి రావడంలేదు.

మ్యాట్నీకి హాలు నిండింది. చిదంబరేశ్వరరావుగారు మొదటి వరస మధ్యలో, నమ్మినవారి ముఖం ముందే పెట్టుకుని కూర్చున్నారు. పక్కన మందాకినిగారు, ఒళ్ళో డైరీ. ఎడంవైపు నిశ్శబ్దం, కుడివైపు నవ్వులు. తవిటమ్మ ఎప్పట్లాగే తెర కింద కుర్చీలో.

సినిమా చివరికొచ్చింది. ఆ సన్నివేశం వచ్చిందని తవిటమ్మకి మాటల్ని బట్టి తెలిసింది. గడియారాలాయన నిజం ఒప్పుకుని, సీసాల పెట్టె తెరిచి చూపిస్తాడు. దొంగిలించిన పావుగంటలన్నీ అందులో ఉంటాయి. పిల్లల సీసా మూత తీస్తే ఆటల కేకలొస్తాయి. వంటింటి సీసా తీస్తే పోపు చిటపటలొస్తాయి. దుమ్ముపట్టిన సీసాల వరస ఒకటి చూపించి, ‘ఇవేమిటి’ అంటాడు దర్జీ. ‘అవా బాబూ, గవర్నమెంటు ఆఫీసులవి. మా గ్రహంలో ఎవరూ తీసుకోవడంలేదు. మూత తీసి చూసి తిరిగిచ్చేస్తున్నారు. అందులో ఏమీ లేదటండీ’ అంటాడు ముసలాయన. దర్జీ అనుమానంగా ఒక సీసా మూత తీస్తాడు. చాలాసేపు ఏమీ వినబడదు. ఆ తర్వాత ఒక ఆవలింత.

తవిటమ్మ చూస్తుండగానే చిదంబరేశ్వరరావుగారి ముఖంలో చిన్న భయం కదిలింది. ఆమె గుర్తుపట్టింది. ఆయన పెదవులు బిగించారు. బుగ్గలు పొంగాయి. కళ్ళద్దాలు జారాయి. తరువాత ముప్పై మూడేళ్ళుగా ఎక్కడ దాచారో గానీ, పొట్ట అడుగు నుంచి ఒక నవ్వు బయల్దేరింది. ఆయన ముందుకు వంగారు, వెనక్కి వాలారు, పక్కనున్న మందాకినిగారి కుర్చీ చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఎడంవైపు పెద్ద ఉద్యోగులు కొయ్యబారిపోయారు. కుడివైపు వాళ్ళు నవ్వడం మరిచిపోయి ఆయన్నే చూశారు. హాలు మొత్తంలో నవ్వుతున్నది ఆయనొక్కరే.

తవిటమ్మ పెన్ను మూత తీసింది. ఫైలు గుర్తొచ్చింది. అయినా నవ్వినవారి గడిలో ఒక గీత గీసి, పక్కన ఆయన పేరు రాసింది.

ఆయన అది చూశారు. “రాసీ తవిటమ్మా, రాసీ,” అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. “ఓలమ్మో, కడుపునొప్పొస్తన్నాది. ఆవులింతట! ముప్పై మూడేళ్ళకీ ఆవులింతట!”

ఆయన సొంత ఊరు పక్కనే ఉన్న లక్కవరమని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మందాకినిగారు ఫారం తీసుకుని బయట వెలుతురులో చదివారు. “నష్టపోయిన వ్యక్తియే తన నష్టమును చూసి నవ్వినచో, నష్టము జరిగినట్లు భావించుటకు వీలుపడదు,” అని అక్కడే తీర్పు చెప్పారు. వెళుతూ వెళుతూ ఇంకో మాటన్నారు. “మీ వద్ద హాస్యానుమతి పత్రము లేదు కదా? సంజాయిషీ పంపండి.”

మూడో రోజు నెలాఖరు. చిదంబరేశ్వరరావుగారు మెడలో వేసిన బంతిపూల దండ తీసి పక్కన పెట్టి, ముందు తవిటమ్మ ఫైలు మీద సంతకం చేశారు. “ఎప్పుడో సెయ్యాల్సిందమ్మా,” అన్నారు ఆమె వైపు చూడకుండా. “ఒక మంచి పని బల్ల మీద ఉంటే ఉజ్జోగం నిండుగా ఉన్నట్టుండేది.” తర్వాత తెల్లకాగితం తీసి సంజాయిషీ రాశారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ‘నవ్వొచ్చింది. నవ్వాను.’

ఆ కాగితం ప్రధాన కార్యాలయంలో పెద్ద గందరగోళం లేపింది. విషయము లేదు, సూచిక లేదు, పైన పేర్కొనబడిన అన్న మాట లేదు. ఇద్దరు సూపరింటెండెంట్లు చదివి అర్థం కాలేదని రాశారు. భాషా విభాగానికి పంపితే, ‘నవ్వు వచ్చినది’ అన్నచోట ఎక్కడి నుండి వచ్చినది, ఎవరి ద్వారా వచ్చినది, ఇన్వర్డు నంబరు ఎంత అని అడుగుతూ తిరిగి వచ్చింది. ఆఖరికి ప్రత్యక్షసాక్షి కనక తవిటమ్మనే రమ్మన్నారు.

పర్మనెంటు ఉద్యోగిగా అది ఆమె మొదటి క్యాంపు. కొత్త చీర కట్టుకుని వెళ్ళింది. పొడుగాటి బల్లకి అవతల ముగ్గురు అధికారులు పెన్నులు తెరిచి కూర్చున్నారు.

“నవ్వొచ్చింది అనగా ఏమి?” అన్నారు మధ్యలో కూర్చున్నాయన, చాలా గంభీరంగా. “తొందర లేదు. సవివరముగా తెలుపవచ్చును.”

తవిటమ్మ ముగ్గురి ముఖాలూ చూసింది. ఎడంపక్కాయన అప్పటికే ‘అనగా’ అని రాసుకుని, కింద గీత గీసి, ఆమె నోటివైపు చూస్తున్నాడు. ఆమెకి గొంతులో దగ్గులాంటిది లేచింది. అలవాటు ప్రకారం కొంగు నోటిదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆమె కొంగు వదిలేసింది.

ఆ నవ్వు గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి పోయింది. కింద టీ తాగుతున్న డ్రైవర్లు తలలెత్తి చూశారు. ఆమె బల్ల పట్టుకుని, ఆగి, “క్షమించండి సార్,” అనబోయి మళ్ళీ నవ్వింది. ముగ్గురు అధికారులూ పెన్నులు గాల్లో పట్టుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయారు.

కాసేపటికి మధ్యలో కూర్చున్నాయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి.